రెండో రౌండు మొదలయ్యే ముందు

మూసాపేటలో టైర్ల దుకాణం మీద మూడో అంతస్తు.
కిటికీ ఎత్తున మెట్రో పోయినప్పుడల్లా
నా టీలో సన్నటి వలయాలు.
ఎనిమిదిన్నరకు షాహెదా కుర్చీ ఇటు తిప్పింది:
"అక్కా, చచ్చినోడు మళ్ళ ఆడుతుండు."

మాది పతంగుల ఆట.
పదహారు డాబాలు, పదహారు మాంజాలు,
తెగినవాడు తెగినట్టే, చివరికి మిగిలినవాడిది గెలుపు.
మొదటి రౌండు వెన్నలా నడుస్తుంది.
రెండో రౌండులో
ఎవరూ ఎగరెయ్యని ఎర్ర పతంగొకటి
ధూల్‌పేట డాబా మీద లేస్తుంది.
కింద దారం ఉంటుంది,
దారం పట్టుకున్న చెయ్యి ఉండదు.

తవ్వి చూస్తే తప్పు నాదే.
ఆట ముగియగానే ఆటగాళ్ళ పట్టిక తుడవాలి,
తుడిచాననే అనుకున్నా.
నేను చేసిందల్లా
ఖాళీ పట్టికొకటి కొత్తగా తెచ్చి
పాత పేరు దానికి తగిలించడం.
పాతది ఎటూ పోలేదు.
స్కోరు లెక్కేసే ఫంక్షను దాని చెయ్యి వదల్లేదు,
గాలి వీచే ఫంక్షనుకి అసలు కబురే అందలేదు.
నా దృష్టిలో పోయినవాళ్ళంతా
వాటి లెక్కలో ఇంకా డాబాల మీదే ఉన్నారు.

మదీనాగూడలో నేనుండే గదికి
కరెంటు బిల్లు ఇప్పటికీ పి. సత్తెయ్య పేరున వస్తుంది.
సత్తెయ్య ఎవరో ఓనరుకే గుర్తులేదు.
నాకు ముందు ముగ్గురు మారారట.
గోడలకు సున్నం వేశారు, తాళం మార్చారు,
మీటరుకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

సరే, ఉన్న పట్టికనే ఖాళీ చేద్దామని
ముందు వరస నుంచి ఒక్కొక్కర్నే తీస్తూ పోయాను.
ఒకణ్ణి లేపగానే వెనకవాడు
ఆ చోట్లోకి జరిగి కూర్చుంటాడు,
నా వేలు వాణ్ణి దాటి పోతుంది.
పదహారు మందిలో ఎనిమిది మంది
ఎక్కడివాళ్ళక్కడే,
మనుషులు పోయినా రేషను లైన్లో మిగిలిన చెప్పుల్లా.

షాహెదా పల్లీలు నములుతూ, తెర వంక చూడకుండానే,
"ఎనక నుంచి తియ్యరాదక్కా" అంది.

తీశాను.
వెనక ఎవరూ లేకపోతే
ముందుకు జరిగేవాళ్ళూ ఉండరు.
ఇంత చిన్న సంగతికి మూడు రోజులు పట్టింది నాకు.

పదింటి మెట్రో. కూకట్‌పల్లిలో తను దిగిపోయింది.
మియాపూర్లో ఇదే ఆఖరు, అందరూ దిగండని గొంతు.
దిగినదాన్ని ఇంటికి పోక ప్లాట్‌ఫాం మీదే నిలబడ్డాను.
చీపురు పట్టుకున్న ఒకామె
చివరి పెట్టె నుంచి మొదలుపెట్టింది.
సీటు కింద ఒక చూపు, తలుపు మూల ఒక చూపు.
పల్లీ పొట్టు, నలిగిన రసీదు, ఎవరో పిల్లదాని రిబ్బను.
రైలు మారలేదు. అదే నంబరు,
అవతలి స్టేషన్లలో జనం ఎదురుచూస్తున్నది
ఈ రైలు కోసమే.
లోపల మాత్రం ఎవరూ లేరు.

రిబ్బనును ఆమె సంచిలో వెయ్యలేదు,
మడిచి కొంగున ముడేసుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది,
మొన్న ఊపులో గెలుపుల లెక్క కూడా తుడిచేశానని.
నలభై రెండు గెలుపులు, షాహెదావి.
రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.
ఆ ఒక్క అంకెను పక్కకు తీసి
ఫోన్లోనే, మెట్ల మీద కూర్చుని, వేరే పేరున దాచాను.

పొద్దున తను వరసగా పదకొండు రౌండ్లు ఆడింది.
ప్రతి రౌండు ముందూ ఆకాశం
ఉతికి ఆరేసిన దుప్పటి.
"సాఫ్" అంది, మళ్ళీ పల్లీల పొట్లం విప్పింది.

సాయంత్రం తలుపు సందులో బిల్లు.
పేరు మార్పించాలంటే బోలెడు కాగితాలు కావాలట,
అందులో సత్తెయ్య సంతకం ఒకటి.
కట్టేశాను.
రసీదు మీద అచ్చయింది:
పి. సత్తెయ్య, బాకీ సున్నా.